తల్లిగారింటి కాన్పు ఎవరి లెక్క?

మా హఫీజ్‌పేటలో కడుపుతో ఉన్న అమ్మాయిలు ఏడో నెల దాటాక కనిపించరు. సీమంతం చేసి, ఒడి నింపి, కారెక్కిస్తారు. ఒకరు ఖమ్మం, ఒకరు గుంటూరు, ఒకరు శ్రీకాకుళం. తొలి కాన్పు తల్లిగారింట్లోనే జరగాలన్నది మనలో కులాలూ మతాలూ దాటిన ఆచారం. బిడ్డకు మూడో నెలో అయిదో నెలో వచ్చాక తిరిగొస్తారు. పుట్టిన ఊరు ఒకటి, పెరిగే ఊరు ఇంకొకటి. ఆ పుట్టుక ఏ ఊరి పద్దులో పడాలి?

నా ఉద్యోగమంతా ఈ ప్రశ్న చుట్టూనే తిరిగింది. రిజిస్ట్రార్ జనరల్ కింద నడిచే శాంపిల్ రిజిస్ట్రేషన్ పథకంలో సూపర్‌వైజర్‌గా పనిచేశాను. దాన్ని మేము ఎస్‌ఆర్‌ఎస్ అంటాం. ఆరు నెలలకోసారి పాలమూరు, మెదక్ పల్లెల్లో ఇల్లిల్లూ తిరిగి, ఎవరు పుట్టారు, ఎవరు పోయారు అని రాసుకురావడం నా పని. రిటైరయ్యాక మా అబ్బాయి దగ్గర హఫీజ్‌పేటలో ఉంటున్నాను. ప్రపంచంలో ఏటా ఇంతమంది పిల్లలు పుడుతున్నారని పేపర్లో చూసినప్పుడల్లా నాకు ఆ అంకె కింద ఉన్న గడపలు గుర్తొస్తాయి. వాటి చరిత్ర రాసినవాళ్ళు తక్కువ.

2020 జనవరి 1న ప్రపంచంలో 3,92,078 మంది పిల్లలు పుడతారని, అందులో 67,385 మంది మన దేశంలోనేనని యూనిసెఫ్ ప్రకటించింది. చివరి స్థానం దాకా అంత కచ్చితంగా చెబితే ఆసుపత్రులన్నీ ఫోన్ చేసి చెప్పాయనుకుంటాం. ఆ అంకె అలా రాలేదు. ఐక్యరాజ్యసమితి జనాభా విభాగం వేసే ఏడాది అంచనాలోంచి ఒక రోజు వాటా విడదీసి చెప్పింది అది. ఆ విభాగం 2024లో ఇచ్చిన అంచనా ప్రకారం ప్రపంచంలో ఏడాదికి సుమారు 13 కోట్ల 20 లక్షల కాన్పులు, మన దేశంలో సుమారు 2 కోట్ల 30 లక్షలు. నిమిషానికి చూస్తే ప్రపంచంలో 250, మన దగ్గర 44. 2012 ప్రాంతంలో ప్రపంచం మొత్తం 14 కోట్లు దాటి గరిష్ఠానికి చేరింది, అప్పటినుంచి తగ్గుతోంది.

ఈ అంచనాలో ముందు లెక్కించేది పిల్లల్ని కాదు, తల్లుల్ని. 15 నుంచి 49 ఏళ్ళ మధ్య ఆడవాళ్ళను అయిదేళ్ళ జట్లుగా విడదీస్తారు. ఒక్కో జట్టులో వెయ్యి మందికి ఏడాదిలో ఎన్ని కాన్పులో ఆ రేటుతో గుణించి, అన్నీ కలుపుతారు. ఆడవాళ్ళ సంఖ్య జనగణన ఇస్తుంది. మరి రేటు? ప్రతి పుట్టుకా రిజిస్టరుకెక్కే దేశాల్లో దాన్ని రిజిస్టరే చెబుతుంది. ఎక్కని దేశాల్లో ఎవరో ఒకరు గడప దగ్గర నిలబడి అడగాలి. మన దేశం చాలాకాలం రెండో తెగలో ఉంది.

ఎంతకాలమో తెలియాలంటే నిజాం రాజ్యం దాకా వెళ్ళాలి. హైదరాబాదు రాజ్యంలో మొదటి జనగణన 1881లో జరిగింది. 98,45,594 మంది తేలారు. 1891కి 1,15,37,040. 1901లో 1,11,41,142కి పడిపోయారు. మధ్యలో 1899-1900 కరువు ఉంది. 1891, 1901 లెక్కలు నడిపించిన మీర్జా మెహదీ ఖాన్ పెద్ద పెద్ద నివేదికలు అచ్చువేయించాడు. జనం ఎందరు, ఏ భాష, ఏ వృత్తి అన్నీ వాటిలో ఉన్నాయి. కానీ ఏటా ఎందరు పుడుతున్నారన్నది జనగణన నేరుగా చెప్పలేదు. అది పదేళ్ళకోసారి ఒక్క రోజున ఉన్నవాళ్ళ పట్టీ. పుట్టుక ప్రతిరోజూ జరిగేది.

ఊళ్ళో రోజువారీ పుట్టుకల లెక్క పోలీస్ పటేల్‌ది. పన్ను వసూలు మాలీ పటేల్ చూస్తే, భూమి లెక్కలు పట్వారీ రాస్తే, చావు పుట్టుకల కబురు పోలీస్ పటేల్ పైకి చేర్చాలి. భూమి లెక్క తప్పితే సర్కారుకు రూపాయి నష్టం, అందుకని పట్వారీ దస్తరాలు పదిలంగా ఉండేవి. ఒక పసిగుడ్డు లెక్క తప్పితే అడిగే నాథుడు లేడు. హఫీజ్‌పేటే చూడండి. ఇది ఖుర్షీద్ జాహీ పైగా అనే జాగీరు భూముల్లోని ఊరు. జాగీర్లు 1949లో రద్దయ్యాయి. ఆ పైగా ఆస్తుల పంపకం మీద 1958లో వేసిన దావా చుట్టూ హఫీజ్‌పేట సర్వే నంబర్ల వ్యాజ్యాలు మా కాలం దాకా నడిచాయి. గుట్టకూ బండకూ కాగితం ఉంది. ఆ రోజుల్లో ఇక్కడ పుట్టి, ఇప్పుడు మా కాలనీ పార్కులో సాయంత్రాలు కూర్చునే పెద్దమ్మలను అడిగితే ఒక్కరికీ పుట్టిన తేదీ కాగితం లేదు. రజాకార్ల లొల్లినాడు చంకలో ఉన్నానంటుంది ఒకామె. మూసీ వరద ఏడు మా అత్త పుట్టిందంటుంది ఇంకొకామె. వరద 1908 సెప్టెంబరులో వచ్చింది, రజాకార్లను అణచిన పోలీస్ యాక్షన్ 1948 సెప్టెంబరులో జరిగింది. ఇలాంటి మాటల్లోంచే మేము వయసులు తేల్చేవాళ్ళం.

ఇది మా వృత్తిలో పెద్ద విద్య. సర్వేకు వెళ్ళే ముందు ఊరి సంగతుల పట్టీ ఒకటి తయారుచేసుకుంటాం. ఏ ఏడు చెరువు తెగింది, ఏ నెలలో జాతర, బోనాలెప్పుడు. 1979 జూలైలో స్కైలాబ్ అనే అంతరిక్ష కేంద్రం నెత్తిన పడుతుందని జనం మేకలూ కోళ్ళూ కోసుకు తిన్న రోజులు తెలంగాణలో ఎవరూ మరిచిపోలేదు. ఆ ఏడు పుట్టిన పిల్లలకు స్కైలాబ్ అనే పేరు పెట్టిన ఇళ్ళూ ఉన్నాయి. పీర్ల పండుగతో మాత్రం జాగ్రత్తగా ఉండాలి. అది ఏటేటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. ‘పీర్ల పండుగకు పుట్టిండు’ అంటే ఏ ఏటి పీర్ల పండుగో తేల్చుకుని, ఆ ఏడు అది ఏ నెలలో పడిందో చూసి రాయాలి. పాత బడి రికార్డుల్లో ఫసలీ సంవత్సరాలుంటాయి. వాటికి 590, నెలను బట్టి 591 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. తేదీ తెలియని పిల్లలకు బడిలో వేసిన జూన్, జూలై 1వ తేదీలు ఈనాటికీ మా తరం సర్టిఫికెట్లలో ఉన్నాయి.

రిజిస్టరును నమ్మలేని కాలంలో పండితులు పుట్టుకలను వెనక్కి నడిచి అంచనా వేశారు. జనగణన నాడు పదేళ్ళలోపు పిల్లలు ఎందరున్నారో చూస్తారు. ఆ పదేళ్ళలో పుట్టి, లెక్కకు అందకుండానే పోయినవాళ్ళు ఎందరై ఉంటారో అంచనా కట్టి కలుపుతారు. కింగ్స్‌లీ డేవిస్ 1951లో ప్రచురించిన పుస్తకంలో 1881 నుంచి 1941 దాకా మన ఉపఖండంలో జననాల రేటు వెయ్యికి 45 నుంచి 49 ఉండేదని ఇలాగే తేల్చాడు. అయితే ఈ పద్ధతికి పోయిన పిల్లల లెక్క కావాలి. హైదరాబాదు రాజ్యం 1911లో 1,33,74,676 నుంచి 1921లో 1,24,71,770కి తగ్గింది. 1918 ఇన్‌ఫ్లుయెంజా తొమ్మిది లక్షల లోటు మిగిల్చిపోయింది. ఆ జ్వరంలో పాలు తాగే బిడ్డలు ఎందరు పోయారో ఎవరు రాసిపెట్టారు? రెండు జనగణనల మధ్య పుట్టి, రెండింటికీ చిక్కకుండా మట్టిలో కలిసినవాళ్ళు ఏ పట్టీలోనూ లేరు. నాకు ఈ వృత్తి మీద గౌరవం పెరిగింది ఆ సంగతి అర్థమైన రోజునే.

ఇలా చిక్కనివాళ్ళను లెక్కలోకి తెచ్చే దారి బెంగాలులో దొరికింది. కలకత్తా దగ్గర సింగూరులో అఖిల భారత పరిశుభ్రత, ప్రజారోగ్య సంస్థకు ఒక ఆరోగ్య కేంద్రం ఉండేది. 1947లో ఆ ప్రాంతంలో ఇల్లిల్లూ తిరిగి పుట్టుకలూ చావులూ రాసుకున్నారు. అదే ప్రాంతపు సర్కారీ రిజిస్టరు పక్కన పెట్టుకుని రెండింటినీ పేరు పేరునా పోల్చారు. దాని ఆధారంగా సి. చంద్రశేఖరన్, అమెరికా గణాంకవేత్త ఎడ్వర్డ్స్ డెమింగ్ కలిసి 1949లో ఒక వ్యాసం రాశారు. డెమింగ్ తర్వాత జపాను కర్మాగారాలకు నాణ్యత నేర్పినవాడిగా పేరుపొందాడు. మా శాఖలో మాత్రం ఆయన చంద్రశేఖరన్ తోడుగా గుర్తు.

వాళ్ళు చెప్పింది చిన్న లెక్కలో చూపిస్తాను. ఒక ఊళ్ళో ఏడాదిలో పుట్టిన పిల్లల్ని ఇద్దరు విడివిడిగా రాశారనుకోండి, ఒకరు ఊళ్ళో ఉండే పంతులమ్మ, ఒకరు నేను. ఇద్దరి పుస్తకాల్లోనూ ఉన్నవి 80. ఆమె దగ్గర మాత్రమే ఉన్నవి 10. నా దగ్గర మాత్రమే ఉన్నవి 8. దొరికినవి మొత్తం 98. ఇద్దరి కంటా పడనివి ఎన్ని? నేను రాసిన 88 మందిలో ఆమెకు 80 మంది దొరికారు, అంటే 11కి 10. నాకు దొరకని పిల్లల్లోనూ ఆమె 11కి 10 చొప్పునే పట్టుకుని ఉండాలి. అక్కడ ఆమెకు 10 మంది దొరికారు కాబట్టి తప్పిపోయింది ఒకరు. మొత్తం 99. ఎవరూ చూడని బిడ్డ ఉనికి కాగితం మీద తేలింది. దీనికి ఒక్క షరతు ఉంది. ఇద్దరూ ఒకరి పుస్తకం ఒకరు చూడకూడదు, ఒకరికి కష్టమైన ఇల్లు రెండోవారికీ అదే కారణంతో కష్టం కాకూడదు.

ఆ ఆలోచన మీదే 1964-65లో ఎస్‌ఆర్‌ఎస్ ప్రయోగంగా మొదలై, 1969-70కి దేశమంతా వచ్చింది. ఊళ్ళో టీచరో అంగన్‌వాడీ ఆమెనో ఎన్యూమరేటర్‌గా పెట్టి, ఏడాది పొడుగునా పుట్టుకలు రాయిస్తారు. ఆరు నెలలకోసారి సూపర్‌వైజర్ వచ్చి, ఆ రిజిస్టరు చూడకుండా, మళ్ళీ మొదటి ఇంటినుంచి అడుగుతారు. తర్వాత ఆఫీసులో రెండూ పక్కపక్కన పెట్టి కలుపుతారు. కలవని పేర్లకోసం మళ్ళీ ఆ ఇంటికి మనిషి వెళ్ళాలి. ఇద్దరికీ చిక్కని పిల్లల పద్దును, చంద్రశేఖరన్ చెప్పిన ఆ నాలుగో పద్దును, మన ఎస్‌ఆర్‌ఎస్‌లో సూత్రంతో కలపరు. తేలనిదాన్ని ఊళ్ళోనే తేలుస్తారు. ఈ కాలంలో దేశం మొత్తం మీద 8,800 పైచిలుకు శాంపిళ్ళలో ఎనభై లక్షల మందికి పైగా ఈ లెక్కలో ఉన్నారు. 140 కోట్ల మందికి జననాల రేటు చెప్పేది ఆ ఎనభై లక్షల మందే.

నేను తిరిగిన ఊళ్ళ పేర్లు రాయను. శాంపిల్‌లో ఉన్నామని తెలిసిన ఊరు మామూలు ఊరుగా ఉండదు. పద్ధతి మాత్రం చెబుతాను. పోయినసారి వచ్చినప్పుడు ఏ ఇంట్లో ఎవరికి ఎన్నో నెలో రాసుకుంటాం. ఆ పట్టీ పట్టుకునే ఈసారి వెళ్తాం. మగవాళ్ళు అరుగు మీద కూర్చుని ‘మా ఇంట్ల ఎవరు పుట్టలే’ అనేస్తారు. నేను లోపలికి, పొయ్యి దగ్గరికి వెళ్ళేదాన్ని.

‘చెల్లె, పోయినసారి నీకు ఆరో నెల అని రాసుకున్న. బిడ్డ ఏది?’

‘లేదక్కా.’

‘పుట్టినంక ఏడ్చిందా?’

ఇది అడగడానికి నోరు రాదు. అడగకపోతే మాత్రం ఆ బిడ్డ ఎక్కడా ఉండదు. ఒక్కసారి ఊపిరి తీసినా, ఏడ్చినా పుట్టుక పద్దులో ఒకటి, చావు పద్దులో ఒకటి రాయాలి. ఊపిరి లేకుండా పుడితే వేరే గడి. పురుడు కడగకముందే పోయిన బిడ్డను, ముఖ్యంగా ఆడబిడ్డను, పుట్టినట్టే చెప్పని ఇళ్ళు చాలా ఉండేవి. దాచాలని కాదు, తలుచుకోవడం ఇష్టంలేక. మంత్రసానిని వేరేగా కలిసి అడిగేదాన్ని. ఊళ్ళో ఏ ఇంట్లో ఏ రాత్రి నీళ్ళు కాగాయో ఆమెకు తెలుసు. ఆమె చెప్పిన పేరు నా పట్టీలో లేకపోతే మళ్ళీ ఆ గడపకే నడక.

తల్లిగారింటి కాన్పుకు నియమం ఇది. తల్లి మామూలుగా ఉండే ఊరే లెక్క. ఆమె ఎక్కడ కన్నా ఆ పుట్టుక ఆమె ఉండే ఇంటి పద్దుకే. కాన్పుకు వచ్చిన కూతురి బిడ్డను మేము రాసుకుంటాం గాని ఆ ఊరి రేటులో కలపం. నా లెక్కలో ఆ పసివాడు అక్కడికి వచ్చి వెళ్ళేవాడు. ఈ మాట వింటే అమ్మమ్మలకు కోపం వచ్చేది. నా చేతులతో ఎత్తుకున్న మనుమడు నా ఇంటివాడు కాకుండా ఎట్ల పోతడని ఒకామె నా చేయి పట్టుకుని నిలదీసింది. నియమం సరైనదే. అది లేకపోతే ఒక బిడ్డ రెండు ఊళ్ళ లెక్కలో పడతాడు, లేదా రెండు ఊళ్ళవాళ్ళూ ఎదుటివాళ్ళు రాసి ఉంటారులే అనుకుని వదిలేస్తారు. రెండోది ఎక్కువగా జరిగేది. ‘కోడలు తల్లిగారింటికి పోయింది’ అన్న జవాబు వినగానే చాలామంది పుస్తకం మూసేస్తారు. మంచి ఎన్యూమరేటర్ అక్కడే రెండో ప్రశ్న వేస్తుంది, ఎందుకు పోయిందని.

ఇలా అడిగిన జవాబులే 1971లో దేశంలో జననాల రేటు వెయ్యికి 36.9 అని చెప్పాయి. 2020లో 19.5, తెలంగాణలో 16.4. రెండు తరాల్లో కుటుంబాలు ఎలా మారాయో ఆ మూడు అంకెల్లో ఉంది. ఐక్యరాజ్యసమితి 2 కోట్ల 30 లక్షలు అన్నప్పుడు దాని ఆధారాల్లో ఇదొకటి.

సర్కారీ రిజిస్టరు కూడా మారింది. చావు పుట్టుకల నమోదు చట్టం 1969లో వచ్చి, 1970 నుంచి అమలైంది. 21 రోజుల్లోగా చెప్పాలి. అది దాటి నెలలోగా అయితే ఆలస్య రుసుము, ఏడాదిలోగా అయితే అధికారి అనుమతి. పేరు పెట్టకపోయినా పుట్టుక నమోదవుతుంది. పేరును ఏడాదిలోగా ఉచితంగా ఎక్కించుకోవచ్చు. ఇరవై ఒకటో రోజున తొట్టెల్లో వేసే ఇళ్ళకు నేను ఎప్పుడూ చెప్పేదాన్ని, బిడ్డను తొట్టెల్లో వేసే రోజుకే ఆఫీసు పని అయిపోయి ఉండాలని. కాన్పులు ఆసుపత్రికి చేరాక రాసే భారం ఆసుపత్రిది అయింది. 2019-20 కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణ కాన్పుల్లో 97 శాతం ఆసుపత్రుల్లోనే. 60.7 శాతం ఆపరేషన్లు, దేశంలో అన్నిటికన్నా ఎక్కువ. అంత కోత ఎందుకో మన డాక్టర్లు జవాబు చెప్పాలి. నమోదుకు మాత్రం ఆసుపత్రి మేలు చేసింది.

ఇక మా హఫీజ్‌పేట. మా ప్రాంతం చేరిన శేరిలింగంపల్లి మున్సిపాలిటీ అయింది. 1998లో సైబర్ టవర్స్ తెరిచారు, 2003లో మా స్టేషనులో ఎంఎంటీఎస్ ఆగడం మొదలైంది, 2007లో జీహెచ్‌ఎంసీలో కలిశాం. ఇప్పుడు కొండాపూర్, మదీనాగూడ, మియాపూర్ ఆసుపత్రులకు సంగారెడ్డి, జహీరాబాద్ నుంచి కాన్పుకొస్తారు. ఆ పిల్లలు ఇక్కడి రిజిస్టరులో ఎక్కుతారు. మా అపార్ట్‌మెంట్ల పిల్లలు గుంటూరు రిజిస్టరులో ఎక్కుతారు. రిజిస్టరు బిడ్డ పుట్టిన చోటు చూస్తుంది. జనన నివేదిక ఫారంలో తల్లి నివాసం రాసే గడి ఉంది. డిశ్చార్జి హడావుడిలో ఆ గడిలో ఆసుపత్రి ఊరే రాసేయడం తేలిక. ఎంత మందికి అంగన్‌వాడీ కావాలి, ఎన్ని టీకాలు తెప్పించాలి అన్నది ఆ గడి చెప్పాలి.

అంతకన్నా నన్ను కలవరపెట్టేది షెడ్లు. లేచే ప్రతి టవరు వెనకా రేకుల షెడ్లలో ఒడిశా, పాలమూరు, శ్రీకాకుళం కూలీల కుటుంబాలుంటాయి. గేటు దగ్గర వాచ్‌మన్ ఎన్యూమరేటర్‌ని ఆపుతాడు, సూపర్‌వైజర్‌నీ ఆపుతాడు. చంద్రశేఖరన్ షరతు తెగేది ఇక్కడే. ఒకరికి అందని ఇల్లు రెండోవారికీ అదే కారణంతో అందదు, కాబట్టి ఏ సూత్రమూ వాళ్ళను వెలికితీయదు. 2023 అక్టోబరు 1 నుంచి పుట్టినవాళ్ళకు బడిలో చేరడం మొదలు ఓటరు జాబితా దాకా పుట్టిన తేదీకి జనన ధ్రువపత్రమే ఆధారం. ఏడాది దాటిన నమోదుకు జిల్లా మేజిస్ట్రేటో సబ్ డివిజనల్ మేజిస్ట్రేటో ఉత్తర్వు ఇవ్వాలి. పని ఎక్కడుంటే అక్కడికి మారే తల్లి ఏ జిల్లా ఆఫీసుకు వెళ్తుంది?

ప్రపంచంలో అయిదేళ్ళలోపు పిల్లల్లో ఇంకా 15 కోట్ల మందికి నమోదు లేదని 2024లో యూనిసెఫ్ చెప్పింది. ఆఫ్రికాలో, ఆసియాలో చాలా దేశాలకు రేటు చెప్పింది 1984లో మొదలైన డెమోగ్రాఫిక్ అండ్ హెల్త్ సర్వే. అమెరికా డబ్బుతో నడిచిన ఆ కార్యక్రమాన్ని 2025 ఫిబ్రవరిలో ఆపేశారు. అక్కడ నాలాగా పొయ్యి దగ్గర కూర్చుని అడిగే ఆడవాళ్ళు ఇంటికి వెళ్ళిపోతే, ఇకముందు వచ్చే అంకెలు పాత జవాబులను సాగదీసినవే అవుతాయి. మన దగ్గరా 2021లో జరగాల్సిన జనగణన ఆగిపోయింది. గుణించడానికి కావలసిన ఆడవాళ్ళ సంఖ్యకు ఇంతకాలం 2011 లెక్కే ఆధారం. ఆ లెక్క నాటికి మా వీధిలో సగం అపార్ట్‌మెంట్లు లేవు.

జనగణన 2027 మార్చి 1 తేదీకి జరగాలని నిర్ణయించారు. మా కాలనీ సంఘంతో మాట్లాడి చుట్టుపక్కల షెడ్ల పట్టీ ఒకటి రాస్తున్నాను. కుటుంబ పెద్ద, సొంత ఊరు, ఇంట్లో అయిదేళ్ళలోపు పిల్లలు, కడుపుతో ఉన్నవాళ్ళు. వచ్చే ఎన్యూమరేటర్ చేతికి అది ఇస్తాను, గేటు దగ్గర నేనే నిలబడి లోపలికి తీసుకెళ్తాను. కాంట్రాక్టరు మారితే షెడ్లు లేచిపోతాయి, కాబట్టి ఫిబ్రవరిలో మరోసారి తిరిగి పట్టీ సరిచేయాలి.